కొండల మీద కొల్లేటాయన

నర్సీపట్నం,
17-11-1954

అక్కకి సోమరాజు నమస్కారాలు. అత్త కాళ్ళకి దండాలు. పోస్టుమాన్ గారికి కూడా ఒక నమస్కారం, ఎందుకంటే ఈ ఉత్తరం ముందుగా చదివేది ఆయనే కదా. కోడలైన అక్క చదివితే మధ్యలో మాటలు మింగేస్తుందని అత్తకి అనుమానం. కాబట్టి అయ్యా, కాస్త గట్టిగా చదవండి. అత్తకి కుడిచెవి సరిగా వినపడదు.

తాడేపల్లిగూడెంలో మా షావుకారు జోగారావుగారి లారీ ఎక్కాం. వెనకాల ఎండు జెల్లల బస్తాలు, ముందు డ్రైవరు బంగార్రాజుగారూ నేనూ. ఆయనది భీమడోలు. కొవ్వూరు రేవులో లారీని పంటు మీదికి ఎక్కించి గోదావరి దాటించారు. అవతలి ఒడ్డు చేరేదాకా బంగార్రాజుగారు కళ్ళు మూసుకునే ఉన్నారు. "నేల ఉంటే ఎక్కడికైనా తోలుతానండి, నీళ్ళంటే మాత్రం నాకు పడదండి" అన్నారు. కొల్లేటివాణ్ణి పక్కన పెట్టుకుని ఆ మాట అంటే నాకు నవ్వాగలేదు.

అత్త చెప్పింది నేను మర్చిపోలేదు. రెండేళ్ళ కిందట ఇలాగే ఎండుచేపల లారీ వెంట వెళ్ళి తిరిగిరాని సత్తియ్య బావని వెతకాలి. మార్గశిర అమావాస్యలోగా మన లంకకి తెచ్చి పెద్దల ముందు నిలబెట్టాలి. లేకపోతే అక్కకి వేరే దారి చూస్తామని పెద్దలన్నారు. అంతేగా. చేపలు సంతల్లో అమ్మి చింతపండూ పసుపూ తెమ్మని జోగారావుగారన్నారు. కొడుకుని తెమ్మని అత్త అంది. లారీలో చోటుంది.

అత్త చెప్పకపోయినా నేను వెతికేవాణ్ణే. నాన్న పోయాక నాకు గడకర్ర చేతికిచ్చి దోనె తోయడం నేర్పింది బావే. మేనత్త కొడుకు, నీ మొగుడు, నాకైతే ఏమని చెప్పను.

ఇక నర్సీపట్నం సంగతి. బెల్లం బళ్ళు, ఈగలు, అరుపులు. గట్టిగా అరిస్తేగానీ ఇక్కడ టీ ఇవ్వరు. ఊరి చివర మబ్బులు నేలకి దిగినట్టు కనపడితే వాన వస్తుందేమో అన్నాను. "అవి మబ్బులు కావండి, రేపు మనం ఎక్కబోయేవి" అన్నారు బంగార్రాజుగారు. కొండలంటే అంత దగ్గరగా ఉంటాయని నాకు తెలియదు.

టీ హోటలాయన్ని అడిగితే కొల్లేటాయన గురించి ఒక మాట చెప్పాడు. అది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నిజం కాదనే అనుకుంటున్నాను. చింతపల్లిలో కనుక్కుని రాస్తాను. పోస్టుమాన్ గారూ, ఈ ముక్క అత్తకి చదవకండి.

జవాబు పాడేరు పోస్టాఫీసుకి రాయండి. అక్కడ ఉంచుతారట.

నీ తమ్ముడు
సోమరాజు

చింతపల్లి,
21-11-1954

అక్కా,

వేళ్ళు వంగడం లేదు. అక్షరాలు వంకరగా ఉంటే అది చలి తప్పు, నాది కాదు. లంబసింగి అనే చోట లారీ ఆపితే పళ్ళు వాటంతటవే కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఉన్న చొక్కాలన్నీ తొడుక్కుని, పైన చేపల గోనె కప్పుకున్నాను. బంగార్రాజుగారు మొదట ముక్కు మూసుకున్నారు, తర్వాత ఆయనే ఇంకో గోనె అడిగారు.

ఇది నర్సీపట్నానికి పూర్తిగా తిరగేసిన ఊరు. నాలుగు పెంకుటిళ్ళు, ఫారెస్టు ఆఫీసు, ఆస్పత్రి. దగ్గితే ఊరంతా తలుపు తీసి చూస్తుంది.

ముందు అసలు సంగతి. బావ బతికే ఉన్నాడు. కొల్లేటాయన చింతపల్లిలో చలిజ్వరంతో పోయాడని నర్సీపట్నం హోటలాయన అన్నాడు. అందుకే మొన్న రాయలేకపోయాను. ఇక్కడి ఫారెస్టు గార్డుని అడిగాను. "కొల్లేటాయనకి జ్వరం వచ్చిన మాట నిజమేనండి, తర్వాత లేచి తిరిగేడండి, బైరాగులతో కలిసి తంబుర పట్టుకుని పాడేరు వైపు ఎల్లిపోయేడండి" అన్నాడు.

ఇది విని నాకు సంతోషమూ అయోమయమూ రెండూ కలిగాయి. బావకి తంబుర ఏమిటి. బావ గొంతెత్తితే గూడబాతులు లేచిపోయేవి కదా. బంగార్రాజుగారిని అడిగితే కొండెక్కితే మనిషి మారతాడండి అన్నారు. ఆయన కూడా మొదటిసారే ఎక్కుతున్నారు, ఆయనకెలా తెలుసో.

అత్తని బెంగపెట్టుకోవద్దని చెప్పు. బైరాగి అయినా సరే, లారీ ఎక్కించి తెస్తాను.

సోమరాజు

కొత్తపాడులంక,
25-11-1954

చిరంజీవి తమ్ముడికి కాంతం దీవించి రాస్తున్నది. అత్త పక్కనే కూర్చుంది. అత్త చెప్పమన్నట్టే రాస్తున్నాను. రాసింది పోస్టుమాన్ గారు చదివి వినిపించాకే కవరు అంటిస్తాం.

నర్సీపట్నంలో రాసింది ఒక్కటే వచ్చింది. పోస్టుమాన్ గారు మొత్తం చదివేసి, ఆఖర్న "అయ్యో, ఈ ముక్క చదవొద్దన్నారండి" అన్నారు. ఇంకేముంది. హోటలాయన చెప్పిన మాట ఏమిటో అత్తకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అత్త ఏడుపు పక్క లంకకి వినపడింది. దోనెల మీద జనం వచ్చారు. మన ఇంట్లో పొయ్యి వెలిగించలేదు, అన్నం వాళ్ళూ వీళ్ళూ తెచ్చారు. పక్క లంక ఏడుకొండలుగారు కూడా వచ్చి, రేవులోనే కాసేపు నుంచుని, ఇంట్లోకి రాకుండా వెళ్ళిపోయారు.

పెద్దలొచ్చి, పోయినట్టే అయితే అమావాస్య దాకా ఆగక్కర్లేదన్నారు. అత్త వాళ్ళ మీదికి చెంబు విసిరింది. ఎవరికీ తగల్లేదు.

అత్త ఇలా రాయమంటోంది: "నా కొడుకు బతికే ఉన్నాడు. నా కడుపుకి తెలుసు. ఆణ్ణి తీసుకొచ్చేదాకా నువ్వు కొండ దిగకు. మీ అక్క తిండి మానేసి ఏడుస్తంది." నేను ఏడ్చిన మాట నిజమే. ఆయన పోయాడంటే ఏడవకుండా ఎలా ఉంటాను.

నీకు చెప్పవలసింది ఇంకా చాలా ఉంది సోమరాజూ. ఇంట్లో కూర్చుని రాయలేను. ఎందుకో నువ్వే అర్థం చేసుకో.

పై ముక్క చదివించుకుని, ఏడుపొచ్చి రాయలేకపోతోంది పాపం అని అత్త నా తల నిమిరింది.

మీ అక్క
కాంతం

పాడేరు,
29-11-1954

అక్కా,

నీ ఉత్తరం ఇక్కడి పోస్టుమాస్టరుగారు చేతికిచ్చారు. సంత మధ్యలో చింతపండు బుట్టల పక్కన నిలబడి చదివాను. పక్కనున్న కొండామె నా మొహం చూసి ఒక నారింజ చేతిలో పెట్టింది. ఇంకా చాలా ఉంది, రాయలేను అన్నావు. నాకు అర్థమైంది అక్కా. నువ్వు నోరు తెరిచి అడిగే మనిషివి కాదు. తిండి మానకు. బావని నీ గుమ్మంలో దింపేదాకా నేను వెనక్కి రాను. జోగారావుగారు ఉద్యోగం తీసేసినా సరే.

ఇక్కడ సంత చూడాలి నువ్వు. చింతపల్లిలో మనిషి కనపడడు, ఇక్కడ కాలు పెట్టడానికి చోటు లేదు. ముక్కుకి మూడు పోగులు పెట్టుకున్న ఆడవాళ్ళు పసుపూ అడ్డాకులూ తెచ్చి, మన ఎండు జెల్లలు వాసన చూసి చూసి తీసుకుంటారు. వాళ్ళ మాట నాకు రాదు, నా మాట వాళ్ళకి రాదు. బేరం మాత్రం కుదురుతోంది.

బావ సంగతి చెప్తాను, నువ్వు కంగారు పడకు. తంబుర కొల్లేటాయన దొరికాడు. పరిగెత్తుకుంటూ వెళ్ళి చూస్తే అరవయ్యేళ్ళ ముసలాయన, ఆకివీడు దగ్గరి వాడు. నన్ను చూసి తన కొడుకు పంపాడనుకుని నా చెయ్యి వదల్లేదు. ఆయనకి చెప్పి ఒప్పించేసరికి పొద్దు గుంకింది. తర్వాత ఇంకొకడు, ఎద్దులకి వైద్యం చేసే కొల్లేటాయన అరకులో ఉన్నాడన్నాడు. మరొకడు, "మీరు చెప్పే కొల్లేటాయన నాకు తెలుసండి, లారీ మీద చింతపల్లి వచ్చేడండి, గోనె కప్పుకుని ఎవర్నో వెతుకుతున్నాడంటండి" అన్నాడు. ఎవరా అని చాలాసేపు ఆలోచించాను. నేనే.

కిందినుంచి ఎండుచేపలు తెచ్చి అమ్మేవాడెవడైనా ఈ కొండల మీద కొల్లేటాయనేనట. ఇన్నాళ్ళూ నేను ఎంతమంది వెంట తిరిగానో దేవుడికే తెలియాలి.

రేపు అరకు బయల్దేరుతున్నాం. ఎద్దుల వైద్యుణ్ణి కూడా చూస్తాను.

నీ తమ్ముడు
సోమరాజు

ఏలూరు,
2-12-1954

సోమరాజూ,

ఈ ఉత్తరం నీకొక్కడికే. చేపలివ్వడానికి ఏలూరు వచ్చి, పవరుపేటలో తాయారమ్మగారి వంటింటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. కాగితం ఆవిడే ఇచ్చారు. ఏం రాస్తున్నావని అడగలేదు.

చింతపల్లి ఉత్తరం చేరింది. ఏడవడానికి వచ్చినవాళ్ళందరూ ఈసారి సంతోషం చెప్పడానికి వచ్చారు. అత్త రెండుసార్లూ మజ్జిగ ఇచ్చింది.

ఆయన పోయాడనుకున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. చిన్నప్పుడు ఒకే దోనెలో తిరిగాం, ఒకే కంచంలో తిన్నాం. ఏడుస్తూ ఏడుస్తూ, ఇంక పొద్దున్నే లేచి రేవు వైపు చూడక్కర్లేదు కదా అనిపించింది. అలా అనిపించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. బతికున్నాడని తెలిసి మనస్ఫూర్తిగా సంతోషించాను. రెండూ నిజమే. నాకే అర్థం కావడం లేదు, నీకెలా చెప్పను.

ఒకటి మాత్రం తెలుసు. ఆయన తిరిగి రావడం నాకు అక్కర్లేదు. ఆయన చెడ్డవాడు కాదు, నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కూడా ఇంట్లో ఉన్నట్టు ఉండేవాడు కాదు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. మేనత్త కొడుకని పెద్దవాళ్ళు ముడిపెట్టారు. మా ఇద్దరికీ చిన్నప్పటి ఆటలు అయిపోయాక ఏం మాట్లాడుకోవాలో తెలిసేది కాదు.

నాకు కావలసింది ఆయన మాట. మన ఆచారం నీకు తెలుసు. మొగుడు పుల్ల విరిచి, దీన్ని వదిలేశాను అంటే నాకు మారుమనువుకి అడ్డు ఉండదు. ఆయన రానక్కర్లేదు. ఆయన ఆ మాట ఇద్దరు సాక్షుల ముందు అక్కడే అన్నా, నువ్వొచ్చి చెప్తే పెద్దలు ఒప్పుకుంటారు. అమావాస్య దాటితే పుష్యమాసం, ఆ తర్వాత పెద్దలు ఎప్పుడు కూర్చుంటారో, మనసులు ఎలా మారతాయో.

పక్క లంక ఏడుకొండలుగారు పెద్దల ద్వారా నన్ను అడిగారు. భార్య పోయి చాలా కాలమైంది. ఎప్పుడు కనపడినా, తిన్నావా కాంతం అంటారు. అంతకంటే పెద్ద మాటలేం మాట్లాడలేదు. నాకు ఇష్టమే సోమరాజూ. ఇష్టమని రాయడానికి ఇంత దూరం రావలసి వచ్చింది.

అత్త సంగతే నాకు బెంగ. మొగుడి తల్లి అయితే ఏదో ఒకటి అనుకుందును. నాన్నకి అక్క. అమ్మ పోయాక మనకి తల దువ్వింది ఆవిడే. కొడుకు వస్తాడని ఆశపెట్టుకుని కూర్చుంది, నేను ఆ ఆశని కాలదన్నుతున్నాను.

ఆయన్ని తీసుకురావద్దు. మాట మాత్రం తీసుకురా. జవాబు ఈ తాయారమ్మగారి ఇంటికి రాయి.

అక్క

జలాపుట్టు,
5-12-1954

అక్కా, అత్తా,

బావ దొరికాడు. నా పక్కనే కూర్చుని ఉన్నాడు. అత్తా, నీ కొడుకు చిక్కిపోయాడు, నల్లబడ్డాడు, మీసం పెంచాడు. మిగతా అంతా మన బావే.

ఈ ఊరు మేము రావలసిన ఊరు కాదు. అరకు వెళ్ళాల్సిన వాళ్ళం. ఒకచోట రోడ్డు రెండుగా చీలింది, బోర్డు లేదు. ఎటు పోనివ్వమంటారండి అన్నారు బంగార్రాజుగారు. పక్కనే గెడ్డ పారుతోంది, ఇక్కడ కొండవాగుని గెడ్డ అంటారు. అదేం ప్రశ్న అనిపించింది నాకు. మన కాలవ నీళ్ళు కొల్లేట్లోకి, కొల్లేటి నీళ్ళు ఉప్పుటేట్లోకి, అది సముద్రంలోకి. నీళ్ళెటు పోతే అటే పల్లం, పల్లంలోనే ఊళ్ళుంటాయి, గెడ్డ వెంటే పోనివ్వండి అన్నాను. కొల్లేట్లో పుట్టినవాడెవడైనా అదే చెప్తాడు. ఆయన నమ్మారు, పాపం. ఎంత పోయినా పల్లం రాలేదు. ఈ గెడ్డలు సముద్రానికి వీపుపెట్టి కొండల్లోకే పోతాయని నాకేం తెలుసు. పెట్రోలు అడుగంటింది. ఆయన నాతో మాట్లాడటం మానేశారు.

అప్పుడు ఒక్కసారిగా కొండల మధ్య మన కొల్లేరంత నీరు కనపడింది. కొత్తగా ఆనకట్ట కట్టి నిలిపిన నీరట. ఒడ్డున క్వార్టర్లు, వాటికి ఎలక్ట్రిక్ దీపాలు. అన్ని భాషలవాళ్ళూ ఉన్నారు. కొండ మీద పట్నం పుట్టినట్టుంది. నీళ్ళ మీద ఒకడు పడవ తోస్తున్నాడు. గడ వేసి తీసే తీరు చూడగానే లారీలోంచి దూకేశాను. ఆ తీరు నాకు నేర్పినదే కదా. బావా అని కేకేశాను.

ఇక్కడ ఆయన్ని కొల్లేటాయన అని ఎవరూ అనరు. పడవ సత్తియ్య అంటారు. అందుకే ఎవరికీ తెలియలేదు.

బావ చెప్పింది విను. చింతపల్లిలో జ్వరం వస్తే లారీవాళ్ళు దింపేసి వెళ్ళారట. లేచాక ఇంటికే బయల్దేరాడట. పాడేరు దాటాక గెడ్డ వెంట నడిచాడట, సముద్రం వస్తుందని. "నువ్వు లారీలో తప్పావు, నేను నడిచి తప్పేను, అంతే తేడా" అని నవ్వాడు. ఈ నీళ్ళు తిరిగి తిరిగి గోదావరిలోనే కలుస్తాయని ఇంజనీర్లు చెప్పారట. "దారి తప్పలేదురా సోమరాజూ, చుట్టు ఎక్కువైంది" అన్నాడు. పని దొరికింది, ఉండిపోయాడు. రోజులు గడిచేకొద్దీ ఏ మొహంతో రావాలో తెలియలేదట.

మొదట రానన్నాడు. "నేను లేకపోతే కాంతానికి లోటేముందిరా" అన్నాడు. నాకు కోపమొచ్చింది. అక్కా, నీ ఉత్తరం జేబులోనే ఉంది. తీసి చదివాను. తిండి మానేసి ఏడుస్తున్నావనీ, ఏడుపొచ్చి రాయలేకపోయావనీ విని బావ చాలాసేపు నీళ్ళవైపు చూశాడు. "నా కోసం ఏడ్చిందా కాంతం" అన్నాడు. మళ్ళీ చదవమన్నాడు. తర్వాత లేచి వెళ్ళి క్షవరం చేయించుకొచ్చాడు.

పని వదిలేసి వస్తున్నాడక్కా. లెక్కలు చూసుకుని, పెట్రోలు సంపాదించి, పాడేరు మీదుగా దిగుతాం. ఇంటికి సున్నం వేయించండి.

నీ తమ్ముడు
సోమరాజు

కొత్తపాడులంక,
11-12-1954

సోమరాజుకి,

జలాపుట్టు ఉత్తరం చేరింది. పోస్టుమాన్ గారు రెండుసార్లు చదివారు. అత్త ఇంటికి సున్నం వేయిస్తోంది. నీ మంచి చెడ్డలు దేవుడు చూస్తాడని అత్త రాయమంది. కొడుక్కి కొర్రమీను పులుసు ఇష్టమని, నువ్వు దారిలో కడుపునిండా ఏదీ తిననివ్వొద్దని కూడా రాయమంది.

ఏడుకొండలుగారు ఇటు రావడం మానేశారు.

నేను నీకు అంత వివరంగా చెప్పాను. చదివావు కదా. చదివి కూడా నువ్వు అనుకున్నదే చేశావు. నీకు నేను పెద్దదాన్నని ఇంతకాలం అనుకున్నాను.

పోస్టుమాన్ గారు వెళ్ళాక రాసిన ఈ చివరి మాటలు ఏమిటని అత్త అడిగింది. వాడు చలికి జాగ్రత్తపడటం లేదని రాశానన్నాను.

ఇట్లు,
సత్తియ్య భార్య కాంతం

పాడేరు,
15-12-1954

(c/o తాయారమ్మగారు, పవరుపేట, ఏలూరు)

అక్కా,

ఇప్పుడే దిగాం. నీ రెండు ఉత్తరాలూ పోస్టుమాస్టరుగారు ఒకేసారి ఇచ్చారు. కొత్తది ముందు విప్పాను. నువ్వు నాకు వివరంగా ఏం చెప్పావో, నేను ఏం చేశానో, నాకేమీ బోధపడలేదు. సంతకం చూసి భయమేసింది. తర్వాత ఏలూరు ఉత్తరం విప్పాను.

ఒట్టు అక్కా, ఇది నేను ఇప్పుడే చూశాను. నువ్వు రాసేసరికి మేము పాడేరు వదిలేశాం. గెడ్డ వెంట పోకుండా ఉంటే, పెట్రోలు కోసం వెనక్కి వచ్చి ఉంటే, నాకు ముందే తెలిసేది. ఇప్పుడు బావ క్షవరం చేయించుకుని, కొత్త పంచె కట్టుకుని లారీలో కూర్చున్నాడు. నీకోసం ఒక అద్దం కొన్నాడు.

కాగితం దాచేద్దామనుకున్నాను. బావ నా మొహం చూశాడు. "చదవరా, ఏదైనా సరే" అన్నాడు. చదివాను. బంగార్రాజుగారు లారీ దిగి దూరంగా వెళ్ళిపోయారు.

బావ అద్దాన్ని పంచె చెంగుతో తుడుస్తూ కూర్చున్నాడు. ఆఖరికి, "అయితే ఏడ్చిన మాట నిజమేనన్నమాట, తిండి మానలేదన్నమాట" అన్నాడు. అద్దం పక్కన పెట్టి, "ఏడుకొండలు మంచోడేరా, మాట ఇస్తే తప్పడు" అన్నాడు. సాక్షులు బంగార్రాజుగారూ పోస్టుమాస్టరుగారూ ఉన్నారు కదా, ఇక్కడే కానిచ్చేసి వెనక్కి వెళ్ళిపో బావా, నీకీ అవమానం ఎందుకు అన్నాను. వద్దన్నాడు. "నీ నోటితో చెప్తే అమ్మ నమ్మదు, పోస్టుమాను చదివినా నమ్మదు. నేనే వచ్చి ఇరుస్తాను. దాని ఎదటే" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది అక్కా. నీ మాట వినలేదని కాదు, నీకు తెలియక కోపం వచ్చిందని కాదు. నీ మొగుడి కోసం ఈ కొండలన్నీ తిరుగుతున్నానని అందరికీ చెప్పుకున్నాను. నేను తిరిగింది నా బావ కోసం. దొరికాడు, ఆయన్ని నేనే పెద్దల ముందుకి తీసుకెళ్ళి వదిలించుకురావాలి. ఇది నాకు చాలా కష్టంగా ఉంది. నువ్వు కావాలన్నది జరుగుతుంది. అది మాత్రం ఖాయం.

అత్తకి ఎవరు చెప్తారో నాకు తెలియదు.

సోమరాజు

కొత్తపాడులంక,
26-12-1954

తమ్ముడూ,

తాడేపల్లిగూడెం చేరి ఉంటావు. మీ బావని లారీ ఎక్కించావా, చలికి మంచి దుప్పటి కొనిచ్చావా, రాయి. ఆ అద్దం ఆయన చేత వెనక్కి పట్టించకుండా గూట్లో పెట్టి వెళ్ళావు. చూశాను.

పెద్దలు కూర్చున్నప్పుడు నువ్వు నా పక్కన కూర్చోవలసినవాడివి. ఆయన తరపున అత్త తప్ప ఎవరూ లేరని వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నావు. లంకంతా చెవులు కొరుక్కుంది. నాకు కోపం రాలేదు. ఆయన ఒంటరిగా కూర్చుంటే నేను చూడలేకపోయేదాన్ని.

అత్తకి నేనే చెప్పానని నీకు తెలుసు. మీరు రాకముందే, నీ ఉత్తరం తాయారమ్మగారు అందించిన రోజే చెప్పాను. అప్పట్నుంచీ అత్త నాతో మాట్లాడలేదు. వండింది తింది, మాట్లాడలేదు.

నువ్వు చూడనిది రాస్తున్నాను. ఆయన పుల్ల విరిచాక, విరిచినవాడు ఆ పూట లంకలో నీళ్ళు ముట్టకూడదనీ, వెనక్కి తిరిగి చూడకూడదనీ పెద్దలు చెప్పారు కదా. నువ్వు ఆయన్ని దోనె ఎక్కించుకుని వెళ్ళిపోయావు. మీరు రేవు దాటాక పెద్దలు ఏడుకొండలుగారిని పిలిచారు. ఆయన చేతిలో చీర పట్టుకుని నుంచున్నారు. పిల్లని ఇచ్చేవాళ్ళెవరు, పుట్టింటివాళ్ళు లేచి చెప్పండి అన్నారు పెద్దలు. అందరూ నీ కోసం చూశారు. నువ్వు లేవు. నాన్న లేడు, అమ్మ లేదు, ఉన్న తమ్ముడివి ఒక్కడివి దోనెలో ఉన్నావు. పక్కింటి కనకరాజు రేవులోకి పరిగెత్తి నీ పేరు పెట్టి కేకలేశాడు. నువ్వు వెనక్కి చూడకూడదేమోనని ఇంకా జోరుగా తోసుకుపోయావట. వెనక్కి చూడకూడనిది ఆయన, నువ్వు కాదు.

ఇచ్చే మనిషి లేకపోతే మనువు ఎలా కుదురుతుంది, పుష్యమాసం వెళ్ళాక చూద్దాం అన్నారు పెద్దలు. కొందరు లేచి పంచెలు దులుపుకున్నారు. ఏడుకొండలుగారు చీరని చంకలో పెట్టుకున్నారు. నేను తల దించుకుని కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఒక మాట కోసం చూశాను, అది వచ్చాక ఇంకో మాట లేక ఆగిపోయింది.

అప్పుడు అత్త లేచింది. అవతలి వైపునుంచి అందరి మధ్యలోంచి నడిచి నా పక్కకి వచ్చింది.

"నేనున్నాను కదయ్యా" అంది.

"నువ్వు మొగుడి తరపు దానివి కదా పైడమ్మా" అన్నారు పెద్దలు.

"ఆ తరపు ఇందాక మీ ఎదటే ఇరిచేశాడు కదా నా కొడుకు. ఇప్పుడిది నా తమ్ముడి కూతురు. ఆడు లేడు గనక నేను చెప్తున్నాను. మా పిల్లని ఇచ్చాం."

అని నా చెయ్యి పట్టుకుంది. అన్ని రోజుల తర్వాత నన్ను తాకింది. కొడుకు వెళ్ళిన నీళ్ళ వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ పెద్దల వైపు తిరిగి, వినపడలేదేమోనని ఇంకోసారి గట్టిగా అంది, ఇచ్చాం అని.

మీ అక్క
కాంతం